ఆంధ్రపితామహ మాడపాటి హనుమంతరావు

జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఏ గ్రామానికి వెళ్ళినా ఉదయంవేళ ఒక దృశ్యం కనువిందు చేస్తుంది. వీపున పుస్తకాల సంచులు తగిలించుకొన్న పిల్లలు ఊరి బడివైపు సాగిపోతూ ఉంటారు. వారిలో రైతు బిడ్డలున్నారు, కూలి బిడ్డలున్నారు, తండాల నుంచి నడచివచ్చే లంబాడీ బాలికలున్నారు. సర్కారు బడిలో వారికి పాఠ్యపుస్తకాలు ఉచితంగా లభిస్తాయి. మధ్యాహ్నం భోజనం దొరుకుతుంది. పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ప్రభుత్వమే జీతమిస్తుంది. నిత్యమూ చూచేది కనుక ఇందులో విశేషమేమీ లేదని మనకు తోస్తుంది. కాని ఊరూరా ఒక బడి, అందులో పేదబిడ్డకు ఒక చోటు అనే ఈ ఏర్పాటు తనంత తానుగా వచ్చినది కాదు. దాని వెనుక కొన్ని తరాల పోరాటం ఉంది.

నిజాం ప్రభువుల ఏలుబడిలో ఈ గ్రామాలు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేవి. నేటి దేవరుప్పుల మండలంలోని కడవెండి విసునూరు దేశ్‌ముఖు అధికారం కింద నలిగిన గ్రామం. భూముల లెక్కలు పట్వారి దఫ్తరంలో ఉండేవి. రాజ్య వ్యవహారాలు ఉర్దూలో సాగేవి. రైతు ఎరిగిన భాష తెలుగు. ఆ తెలుగునైనా చదవగలిగినవారు ఊరికి కొద్దిమందే. తన పొలం తన పేరన ఉన్నదో లేదో, తీర్చిన అప్పు తీరినట్లు వ్రాశారో లేదో తెలుసుకొనే శక్తి సామాన్య రైతుకు లేదు. చూపినచోట వేలిముద్ర వేయడమే అతనికి తెలిసిన విద్య. ఆ ఒక్క ముద్రతో తాతముత్తాతల భూమి చేజారిపోయిన కుటుంబాలు తెలంగాణలో ఎన్నో ఉన్నాయి. చదువు లేకపోవడం అక్కడ కేవలం అజ్ఞానం కాదు. అది అన్నం ముద్దను, ఆత్మగౌరవాన్ని ఒక్కసారిగా హరించే విపత్తు.

ఆ చీకటిని తొలగించడానికి తన జీవితాన్ని ధారపోసిన మహనీయుడు మాడపాటి హనుమంతరావు. ఆయన పాఠశాల స్థాపించారు, గ్రంథాలయాలకు ప్రాణం పోశారు, సంఘాలను నిర్మించారు. దాతల విరాళాలతో ఎంత చేయవచ్చునో చేసి చూపారు. దాతలు ఎంత ఇచ్చినా ప్రభుత్వం తన బాధ్యతను నెరవేర్చకపోతే ప్రజలందరికీ చదువు అందదన్న సత్యం కూడా ఆయన జీవితంలోనే మనకు స్పష్టంగా కనిపిస్తుంది.

హనుమంతరావు 1885 జనవరి 22న కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలోని పొక్కునూరు గ్రామంలో జన్మించారు. తల్లి వెంకటసుబ్బమ్మ, తండ్రి వెంకటప్పయ్య. బాల్యంలోనే పితృవియోగం కలగడంతో ఆయన నిజాం రాజ్యంలోని సూర్యాపేటలో ఉన్న మేనమామల ఇంటికి చేరారు. అప్పటినుంచి తెలంగాణమే ఆయనకు జన్మభూమితో సమానమైంది. తెలుగు ఇంటిభాష కాగా, బడిలో ఉర్దూ నేర్చుకొన్నారు. పారసీక భాషలోను, ఆంగ్లంలోను పాండిత్యం సంపాదించారు. తన మాతృభాషకు తావులేని బడిలో చదివి పైకి వచ్చిన బాలుడు ఆ లోటును జీవితాంతం మరువలేదు.

చదువు ముగిసిన పిమ్మట హనుమంతరావు హనుమకొండలో చిన్న ఉద్యోగంలో చేరారు. ఉద్యోగం చిన్నదే అయినా ఆశయం చిన్నది కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం ఏర్పడింది. ఈ రెండవ నిలయాన్ని నెలకొల్పి పెంచిన యువకులలో హనుమంతరావు ముఖ్యులు. ఆనాడు నిజాం రాజ్యంలో ఆంధ్రమనే మాటను తెలుగు అనే అర్థంలోనే వాడేవారు. తెలుగు పుస్తకం దొరకడమే అరుదైన కాలంలో ఒక గదిలో కొన్ని పుస్తకాలు, కొన్ని పత్రికలు చేర్చి అందరినీ రమ్మని పిలవడం సామాన్యమైన పని కాదు. బడి లేనిచోట గ్రంథాలయమే బడి అయింది.

తరువాత ఆయన హైదరాబాదు చేరి ప్రభుత్వంలో అనువాదకులుగా పనిచేశారు. న్యాయవాద పరీక్షలో ఉత్తీర్ణులై ఉద్యోగం విడిచి వకీలు వృత్తి స్వీకరించారు. ఉర్దూ పత్రికలలో వ్యాసాలు వ్రాశారు. తెలుగులో కథలు రచించి మల్లికాగుచ్ఛము అనే సంపుటాన్ని ప్రకటించారు. పేరు, ధనము వచ్చే మార్గం చక్కగా తెరచుకొన్నది. అంతలో ఒక సంఘటన ఆయన జీవితాన్ని మరొకవైపు మళ్ళించింది.

1921 నవంబరు 12న హైదరాబాదులోని వివేకవర్ధిని ప్రాంగణంలో సంఘసంస్కార సభ జరిగింది. స్త్రీవిద్య కోసం జీవితాన్ని అర్పించిన మహారాష్ట్ర విద్వాంసుడు ధోండో కేశవ కార్వే దానికి అధ్యక్షులు. ఆంగ్లంలోను, ఉర్దూలోను, మరాఠీలోను ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడడానికి లేవగానే సభలోని కొందరు గేలిచేసి అల్లరి పెట్టారు. రాజ్యంలో దాదాపు సగంమంది మాట్లాడే భాషకు రాజధానిలో జరిగిన మన్నన అది. ఆ రాత్రి టేకుమాల రంగారావు ఇంట్లో కొందరు తెలుగువారు సమావేశమయ్యారు. అవమానం చేసినవారిని నిందించడంతో వారు ఊరుకోలేదు. తమ భాష, తమ ప్రజలు ఇంత చులకన కావడానికి కారణమేమిటని ఆలోచించారు. చదువు లేమియే ఆ కారణమని గ్రహించి ఆంధ్రజనసంఘాన్ని స్థాపించారు. ఆ సంఘానికి ఊపిరిగా నిలిచినవారు హనుమంతరావు.

సంఘం శాఖలు జిల్లాలకు వ్యాపించాయి. 1923లో హనుమకొండలో జరిగిన సమావేశంలో వాటన్నిటికీ ఒక కేంద్రసంఘం ఏర్పడగా, హనుమంతరావు కార్యదర్శిగా ఆ భారం వహించారు. గ్రామాలలో గ్రంథాలయాలు, పాఠశాలలు స్థాపించడం సంఘానికి ప్రధాన కార్యక్రమం. వెట్టిచాకిరి వంటి విషయాలపై చిన్న చిన్న పుస్తకాలను ముద్రించి పంచడం మరొక కార్యక్రమం. వెట్టిని అరికడుతూ ప్రభుత్వం ఉత్తర్వులు జారీచేసినా అవి కాగితం మీదనే ఉండిపోయేవి. వెట్టి చేసేవానికి ఆ కాగితం చదవడం రాదు. చేయించేవానికి చదవడం వచ్చినా చెప్పే అవసరం లేదు. చట్టం ఉన్నా చదువు లేనివానికి ఆ చట్టం లేనట్లేనని హనుమంతరావు తమ పనిలో అడుగడుగునా చూచారు.

ప్రజలు తమంత తాము చదువుకోవడానికి పూనుకొన్నప్పుడు ప్రభుత్వం సంతోషించి ఉండవలసింది. జరిగినది అందుకు విరుద్ధం. 1924 ప్రాంతంలో నిజాం ప్రభుత్వం ఖాన్గీ పాఠశాలల, అనగా ప్రైవేటు బడుల విషయమై కఠినమైన నిబంధనలు తెచ్చింది. ముందుగా అనుమతి పొందనిదే ఎవరూ బడి తెరవరాదు. ఆ అనుమతి పొందడం పల్లెటూరి పంతులుకు సాధ్యమయ్యే పని కాదు. ఊళ్ళలో అరుగుల మీద, చెట్ల నీడన సాగుతున్న వీధిబడులు పెద్ద సంఖ్యలో మూతపడ్డాయి. ప్రభుత్వం తాను చాలినన్ని బడులు పెట్టలేదు, పెట్టినవారిని సాగనీయలేదు. హనుమంతరావు, ఆయన సహచరులు వినతిపత్రాలతోను, తీర్మానాలతోను ఏళ్ళ తరబడి ఈ నిబంధనలను ప్రతిఘటించారు.

ప్రభుత్వం వద్ద ధనం లేదా అంటే ఆ మాట చెల్లదు. ఏడవ నిజాం ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడన్న ప్రసిద్ధి 1937 నాటికి దేశదేశాలకు పాకింది. హైదరాబాదులో 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది. దేశీయ భాషలో ఉన్నతవిద్య నేర్పడం నిజంగా గొప్ప ప్రయోగమే. కాని శిఖరానికి బంగారు పూత పూసి పునాదిని మట్టిలో వదిలివేసినట్లు, పల్లెలో తెలుగు బిడ్డకు ఓనమాలు నేర్పే ఏర్పాటు మాత్రం కొరవడింది. ఖజానా నిండినది రైతులు చెల్లించిన శిస్తుతోనే. ఆ శిస్తులో న్యాయమైన భాగం బడిరూపంలో రైతు వాకిటికి తిరిగి రాలేదు.

ఇది ఆ కాలంలో అన్ని సంస్థానాలకూ ఉన్న లక్షణం కాదు. తిరువాన్కూరు సంస్థానంలో రాణి గౌరీ పార్వతీబాయి 1817లోనే ప్రజల విద్యకయ్యే వ్యయాన్ని రాజ్యమే భరించాలని శాసించింది. బరోడాను పాలించిన మూడవ శాయాజీరావు గైక్వాడ్ 1893లో ఒక ప్రాంతంలో నిర్బంధ ప్రాథమిక విద్యను ప్రారంభించి, 1906 నాటికి దానిని రాజ్యమంతటా విస్తరింపజేశాడు. బ్రిటిషు ఇండియాలో కూడా అట్టి ఏర్పాటు కావాలని గోపాలకృష్ణ గోఖలే 1911లో కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టాడు. ప్రభుత్వం దానిని నెగ్గనీయలేదు. ముందుగా పెట్టిన పెట్టుబడికి ఫలితమేమిటో 1951 జనాభా లెక్కలు తేల్చి చెప్పాయి. తిరువాన్కూరు-కొచ్చిన్ రాష్ట్రంలో నూటికి నలభైమందికి పైగా అక్షరాస్యులు కాగా, హైదరాబాదు రాష్ట్రంలో వారు నూటికి పదిమంది కూడా లేరు. ఇక్కడి ప్రజల తెలివిలో లోపమేమీ లేదు. పాలకులు దేనికి ముందుగా ధనం వెచ్చించారన్నదే ఆ తేడాకు ముఖ్యకారణం.

ఇట్టి పరిస్థితులలో హనుమంతరావు 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమంగా ఆంధ్ర బాలికల పాఠశాలను స్థాపించారు. మగపిల్లలకే చదువు కరవైన రాజ్యంలో ఆడపిల్లల సంగతి చెప్పనక్కరలేదు. కొన్ని కుటుంబాలలో ఘోషా, కొన్ని కుటుంబాలలో బాల్యవివాహం, అన్ని కుటుంబాలలోను ఆడపిల్లకు చదువెందుకన్న నిర్లక్ష్యం. హనుమంతరావు దాతలను అర్థించి ధనం సేకరించారు. రాజబహద్దూరు వెంకటరామారెడ్డి వంటి ప్రముఖులు, వడ్లకొండ నరసింహారావు వంటి మిత్రులు తోడ్పడ్డారు. నారాయణగూడలో ఆ పాఠశాల క్రమంగా ఉన్నత పాఠశాలగా ఎదిగింది.

ఎదిగిన పాఠశాలకు అతి పెద్ద చిక్కు ఎదురైంది. రాజ్యంలో ఉన్నత తరగతుల బోధనకు, పరీక్షలకు ఉర్దూ ప్రధానభాష. తెలుగులో చదివిన బాలికలకు ఏ పరీక్ష పెట్టాలి? వారి చదువుకు ఎవరు గుర్తింపు ఇవ్వాలి? సొంత ప్రభుత్వం కాదన్నప్పుడు హనుమంతరావు పొరుగు ప్రాంతం వైపు చూచారు. పుణెలో కార్వే 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం మాతృభాషలో చదువును ఆదరించేది. ఆంధ్ర బాలికల పాఠశాల దానికి అనుబంధమైంది. తెలుగుకు అవమానం జరిగిన 1921 నాటి సభకు అధ్యక్షత వహించిన ఆ కార్వే నెలకొల్పిన సంస్థయే తెలుగు బాలికల చదువుకు ఆసరాగా నిలవడం చరిత్రలోని ఒక మధురమైన మలుపు. కాని ఇందులో ఒక విషాదమూ ఉంది. తమ రాజ్యంలో పుట్టి, తమ రాజ్యంలో పెరిగిన ఆడపిల్లలు తమ మాతృభాషలో ఉత్తీర్ణులు కావడానికి వందల మైళ్ళ దూరంలోని మరొకరి దయపై ఆధారపడవలసివచ్చింది.

ఆ పాఠశాల వందలాది బాలికల బ్రతుకులను వెలిగించింది. అయినా అది రాజధానిలో ఉన్న ఒక్క పాఠశాల. రాజధానిలో వకీళ్ళున్నారు, వర్తకులున్నారు, ఉదారులైన ఉద్యోగులున్నారు. చందా అడగడానికి తలుపులున్నాయి. కడవెండిలో ఎవరి తలుపు తట్టాలి? ఊరిలో ధనం ఉన్న ఇల్లు దొరవారి గడి ఒక్కటే. కూలివాని బిడ్డ అక్షరం నేర్చి లెక్క అడగడం ఆ గడికి ఇష్టం లేని పని. ఎక్కడ చదువు అత్యవసరమో అక్కడ దాతలు ఉండరు; ఎక్కడ దాతలు ఉంటారో అక్కడ చదువు కొంతవరకు ఎలాగో అందుతుంది. పైగా దాత మనసు మారవచ్చు, దాత గతించవచ్చు. ఉపాధ్యాయుని ఇంట పొయ్యి వెలగవలసినది మాత్రం ప్రతిదినమూ. అందరి వద్ద పన్ను తీసుకొని, అందరికీ సమానంగా పంచగలిగినది, తరాల తరబడి నిలువగలిగినది ప్రభుత్వం ఒక్కటే. వ్యక్తుల దానం దీపం వెలిగించగలదు. ఊరూరా ఆ దీపంలో నూనె పోయగలిగినది ఖజానాయే.

హనుమంతరావు నడిపిన ఉద్యమం ఈ విషయాన్ని బాగా గుర్తించింది. 1930లో మెదకు జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ మొదటిసారి సమావేశమైంది. అక్కడనే మహిళాసభ కూడా జరిగింది. 1935లో సిరిసిల్లలో జరిగిన మహాసభకు హనుమంతరావు అధ్యక్షులయ్యారు. నిర్బంధ ప్రాథమిక విద్య కావాలని, మాతృభాషలో బోధన జరగాలని, ప్రైవేటు పాఠశాలలపై ఆంక్షలు తొలగించాలని మహాసభలు మరల మరల కోరాయి. ప్రజలు బడులు పెట్టుకోవడానికి స్వేచ్ఛను, ప్రభుత్వం బడులు పెట్టడానికి బాధ్యతను ఏకకాలంలో కోరడం ఈ తీర్మానాలలోని విశేషం. మొదటిది రెండవదానికి బదులు కాదని ఆ నాయకులు ఎరుగుదురు.

హనుమంతరావు స్వభావం మృదువైనది. వినతి, వాదన, ఓర్పు ఆయన ఆయుధాలు. కాని ప్రభుత్వం చెవి యొగ్గలేదు, కాలం ఆగలేదు. 1940 తరువాత ఆంధ్రమహాసభలోకి కొత్తతరం వచ్చింది. 1944లో భువనగిరి సభ తరువాత మితవాదులు వేరైనారు. గ్రామాలలో సంఘమనే పేరుతో ప్రసిద్ధమైన మహాసభ రైతుకూలీల పోరాటసంస్థగా మారింది. 1946 జులై 4న కడవెండిలో సంఘం ఊరేగింపుపై దేశ్‌ముఖు మనుషులు తుపాకులు కాల్చగా దొడ్డి కొమరయ్య అనే యువకుడు నేలకొరిగాడు. ఆ మరణం తెలంగాణ రైతాంగ సాయుధపోరాటానికి నాంది అయింది. హనుమంతరావు నడచిన దారి వేరు, కడవెండి నడచిన దారి వేరు. అయినా ప్రజలకు అక్షరాన్ని, న్యాయాన్ని సకాలంలో అందించని పాలన ఎక్కడికి దారితీస్తుందో ఈ ఘటన తెలుపుతుంది. బడికి ఖర్చు చేయని ప్రభుత్వం చివరకు తుపాకులకు అంతకు మించి ఖర్చు చేయవలసివచ్చింది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. హనుమంతరావు తాము చూచిన, నడిపిన ఉద్యమచరిత్రను తెలంగాణా ఆంధ్రోద్యమము అనే గ్రంథంగా రెండు భాగాలలో వ్రాసి భావితరాలకు అందించారు. 1951లో హైదరాబాదు నగరానికి మేయరుగా ఎన్నికయ్యారు. 1955లో భారతప్రభుత్వం పద్మభూషణ్ బిరుదంతో సత్కరించింది. తెలుగుకు తగిన చోటివ్వని ఉస్మానియా విశ్వవిద్యాలయమే తరువాతి కాలంలో ఆయనకు గౌరవ డాక్టరేటు సమర్పించింది. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి ఆయన తొలి అధ్యక్షులయ్యారు. ప్రజలు అంతకుముందే ఆయనను ఆంధ్రపితామహుడని ప్రేమతో పిలుచుకొన్నారు. 1970 నవంబరు 11న ఆయన పరమపదించారు. నారాయణగూడలోని పాఠశాల ఆయన పేరును నిలుపుతున్నది.

ఆయన మరణించిన మరుసటి సంవత్సరం, అనగా 1971లో, నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వ గురుకుల విద్యాలయం ప్రారంభమైంది. పల్లెల నుంచి వచ్చిన ప్రతిభగల పేదపిల్లలకు వసతి, భోజనం, చదువు అన్నీ ప్రభుత్వమే సమకూర్చింది. ఆ తరువాత అటువంటి విద్యాలయాలు ఎన్నో వెలిశాయి. వాటిలో చదివిన బిడ్డలు ఉన్నతస్థానాలకు చేరడం మనం చూస్తూనే ఉన్నాం. దాతల ఇంటి తలుపులు తట్టి హనుమంతరావు ఒక్కచోట సాధించినదానిని ప్రభుత్వం సంకల్పిస్తే ఎంత విస్తారంగా సాధించవచ్చునో దీనివలన తెలుస్తున్నది.

అయినా చేయవలసినది ఇంకా ఎంతో ఉంది. పదునాలుగేళ్ళ లోపు బాలలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య అందించడానికి యత్నించాలని 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం నిర్దేశించింది. పదేళ్ళు కాదు, ఐదు దశాబ్దాలు గడచిన తరువాత 2002లో రాజ్యాంగ సవరణ ద్వారా విద్య ప్రాథమిక హక్కు అయింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. జాతీయాదాయంలో నూటికి ఆరుపాళ్ళు విద్యకు వెచ్చించాలని 1966లో కొఠారీ సంఘం సిఫారసు చేయగా, 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా ఆ మాటనే మరల చెప్పింది. ఆ లక్ష్యాన్ని దేశం నేటికీ చేరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ప్రతి ముగ్గురిలో ఒకరు అక్షరానికి దూరంగానే ఉన్నారు. వారిలో స్త్రీలే ఎక్కువ.

రోడ్డు వేస్తే మరుసటి ఏడు కనిపిస్తుంది. చెరువు తవ్వితే మరుసటి వానకు నిండుతుంది. బడికి పెట్టిన ధనం ఫలించడానికి ఒక తరం పడుతుంది. అందువల్లనే ఖజానా బరువు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు పాలకుల చేయి ముందుగా బడి పద్దుపై పడుతుంది. కాని చదివిన తల్లి బిడ్డను బడికి పంపుతుంది. చదివిన రైతు తన పట్టా తాను చూచుకొంటాడు. చదివిన కూలి తన కూలిలెక్క తాను అడుగుతాడు. ఆ పెట్టుబడికి వడ్డీ తరతరాలకూ వస్తూనే ఉంటుంది.

తెలుగులో మాట్లాడినందుకు నవ్వినవారిపై హనుమంతరావు కోపాన్ని పెంచుకోలేదు. ఆ కోపాన్ని బడిగా మలిచారు. తాను చేయగలిగినది చేస్తూనే, చేయవలసినవారిని చేయమని జీవితాంతం అడిగారు. నేడు దేవరుప్పుల బడిలో తన పేరు తాను వ్రాసుకొనే చిన్నారికి మాడపాటివారి పేరు తెలియకపోవచ్చు. కాని వేలిముద్ర వేసిన ముత్తాత ఇంటిలో సంతకం చేసే మనుమరాలు పెరుగుతున్నది. ఆ సంతకం ఆమెకు ఎవరో వేసిన భిక్ష కాదు, ఆమె హక్కు. ఆ హక్కును ప్రతి బిడ్డకూ దక్కించడమే ఆ మహనీయునికి మనం అర్పించగలిగిన నిజమైన నివాళి.